ఆ చప్పుడు బాంబుది కాదు

విశాఖపట్నం మీద జపాను వాళ్ల బాంబులు పడ్డప్పుడు ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని చెబుతారు. మా ఇంట్లోనూ అదే చెప్పారు, ఇప్పుడు ఫేస్‌బుక్కులోనూ అదే కొట్టుకొస్తోంది. శుద్ధ అబద్ధం. బళ్లున్నవాళ్లు ఖాళీ చేశారు. పల్లెల్లో చుట్టాలున్నవాళ్లు ఖాళీ చేశారు. రేవులో మూటలు మోసేవాళ్లు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు, మంచం దిగలేని ముసలివాళ్లు ఎక్కడికి పోతారు? వాళ్లెవరూ ఊరి లెక్కలోకి రారన్నమాట. మా మామ్మ కూడా రాదు.

మామ్మంటే మా తాతగారి చెల్లెలు. కాపురానికి వెళ్లకుండానే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. నలభై రెండు ఏప్రిల్లో హార్బరు మీద బాంబులు పడ్డాక మా తాతగారూ, ఆయన అన్నగారూ కలిసి పెళ్లాం పిల్లల్నీ, ఇత్తడి సామానునీ, కిందటేటి ఆవకాయ జాడీలనీ ఎడ్లబళ్లకెత్తి శృంగవరపుకోట వైపు చుట్టాలూరికి తరలిపోయారు. మామ్మని బండి ఎక్కించలేదు. ఇల్లు కనిపెట్టుకోవడానికి ఒకరుండాలన్నారు. ఒంటరి ఆడపిల్ల లోపలుందని ఎవరికీ తెలియకూడదని వీధి తలుపుకి బయట తాళం పెట్టారు. జాడీలకి మాత్రం బండిలో చోటు దొరికింది.

ఇంట్లో ఈ కథ చెప్పే పద్ధతి వేరు. "మీ మామ్మకి గుండె ధైర్యం ఎక్కువే, రమ్మంటే రానంది" అనేది మా నాన్నమ్మ. తాళం మాట పొరపాటున కూడా నోట రానిచ్చేది కాదు. అది మా అమ్మ చెబితే తెలిసింది. అత్తవారి గుట్టు దాచాల్సిన అవసరం కోడళ్లకేముంది? ఇంకో ముక్క కూడా అమ్మే చెప్పింది. వానాకాలం వెళ్లాక అందరూ తిరిగొచ్చి, పురోహితుణ్ణి పిలిచి, ఇల్లంతా పుణ్యాహవచనం చేయించి, వంటింట్లో మట్టికుండ అన్నది మిగలకుండా పగలగొట్టి కొత్తవి తెచ్చుకున్నారట. ఎందుకంటే "బాంబుల మైల" అన్నారట. బాంబులకి మైలేమిటని చిన్నప్పుడు అడిగితే నాన్నమ్మ నెత్తిన మొట్టింది.

రెండువేల పదిహేడులో ఆ బాంబులకి డెబ్భై ఐదేళ్లు నిండాయి. అంతవరకూ పట్టనివాళ్లందరికీ ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. మా తాతగారి అన్నగారి మనవడు, వరసకి నాకు అన్నయ్య, దుబాయ్‌లో ఏదో ఆఫీసులో మేనేజరు. ఎమిరేట్స్‌లో ఉన్న వైజాగ్ వాళ్లకోసమని ఫేస్‌బుక్కులో ఒక పేజీ నడుపుతాడు. మామూలు రోజుల్లో అందులో గదిలో ఒక మంచం అద్దెకిచ్చే బెడ్‌స్పేస్ ప్రకటనలూ, ఆర్కే బీచ్ సూర్యోదయాలూ ఉంటాయి. ఆ ఏప్రిల్లో ఒక విమానం, ఒక కొవ్వొత్తి, "మరువలేం" అన్న మాట కలిపి ఒక ఫ్రేము తయారుచేశాడు. దాన్ని అందరూ తమ తమ మొహాల చుట్టూ తగిలించుకున్నారు. కొవ్వొత్తి పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నవాళ్లని చూస్తే ఎవరి కర్మకాండకి వచ్చారో తెలియదు.

అప్పటికి మేం దుబాయ్‌కి దూరంగా, అబుదాబి చివరనున్న రువైస్‌లో ఉండేవాళ్లం. మా ఆయనది రిఫైనరీలో ఉద్యోగం, కంపెనీ క్వార్టరు. అక్కడ సముద్రం, గొట్టాలు, ఎండ తప్ప పోట్లాడ్డానికి మనిషి దొరకడు. ఫోనుంది కాబట్టి బతికాను.

మొదటి రోజు పేజీలో ఒక ఫొటో వచ్చింది. కూలిన గోడల మధ్య పెద్ద గోపురమున్న చర్చి, దాని ముందు పొడుగు కోట్లు వేసుకున్న తెల్లవాళ్లు. కింద "మన వైజాగ్, 1942". ఈ చర్చి ఏ వీధిలో ఉందో చెబితే ఈసారి ఊరెళ్లినప్పుడు చూసొస్తానని రాశాను. ఎవడో మహానుభావుడు దానికి గుండె బొమ్మ పెట్టి, "సో టచింగ్ మేడమ్" అన్నాడు.

మర్నాడు మామ్మ వీడియో వచ్చింది. ఆ చలికాలం అన్నయ్య ఎవరిదో పెళ్లికని ఊరెళ్లి, తన తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్న మామ్మని కూర్చోబెట్టి తీశాడట. తొంభై దాటిన మనిషి, తెల్ల చీర కొంగు నెత్తిమీదికి లాక్కుని, కెమెరా ఎటుందో తెలియక వీధి తలుపు వైపు చూస్తూ మాట్లాడుతోంది. "అందరూ వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే. వొళ్లు కాలిపోతోంది, లేవలేను. ఇంతలో ఢామ్మని చప్పుడు! బాంబే పడిందనుకున్నాను, అయిపోయాననుకున్నాను." అక్కడితో ఆపి, విమానాల రొద, సైరను, వీణ కలిపి వాయించాడు. చూసిన వాళ్లందరూ ఏడ్చారు. ఏడ్చినట్టు బొమ్మలు పెట్టారు.

నేను మాత్రం రెండోసారి చూశాను. ఇందులో ఏదో అతకడం లేదు. బాంబులు పడ్డాకే కదా మావాళ్లు పారిపోయింది? వాళ్లు వెళ్లాక మళ్లీ బాంబు పడిందని మా వీధిలో ఒక్కరు కూడా అనగా వినలేదు. మరి ఒంటరిగా ఉన్న మనిషికి వినిపించిన ఆ చప్పుడేమిటి?

వాట్సాప్ కాల్స్ అక్కడ కలవవు కాబట్టి ఫోను కార్డు గీకి మామూలు ఫోనే చేశాను. అన్నయ్య వాళ్లమ్మ, మా పెద్దమ్మ, ఎత్తి మామ్మ చెవి దగ్గర పెట్టింది.

"మామ్మా, నీ వీడియో చూశాను. బాంబనుకున్నానన్నావు కదూ?"

"అనుకున్నానే. కాదు మరి. తాళం అది. తాళం మీద బండరాయితో కొట్టిన చప్పుడు. ఊడి పడింది, ఉత్త ముష్టి తాళం!" అని నవ్వింది.

"ఎవరు కొట్టారు?"

"అంతా వాడికి చెప్పానే తల్లీ. తాళం, జావ, ఆవిడ పేరు, అన్నీ. వాడి ఫోన్లో ఉంది, చూసుకో. మళ్లీ చెప్పాలంటే ఆయాసం వచ్చేస్తోంది."

"జావేమిటి మామ్మా?"

"నాకు జ్వరం కదే. మన వంటింట్లోనే కాచి పోసింది. వద్దమ్మా, నువ్వు లోపలికి రాకూడదంటే, ముందు నువ్వు బతుకు, తరవాత మీవాళ్లు నన్ను కొడితే కొడతారులే అంది..."

పెద్దమ్మ ఫోను లాక్కుంది. మందులేసుకునే వేళయిందట.

కుండలెందుకు పగిలాయో ఆ పూట అర్థమైంది. మా వంటింటి గడప తొక్కకూడని మనిషి ఎవరో గడప తొక్కి, మా కుండ ముట్టుకుని, మా పిల్లని బతికించింది. మావాళ్లు తిరిగొచ్చి ఆమెకి దండం పెట్టలేదు. ఆమె ముట్టుకున్న కుండలు పగలగొట్టి, ఆ మైలని జపాను వాళ్ల ఖాతాలో రాశారు.

ఆ శుక్రవారం దుబాయ్‌లో ఒక పార్కులో పేజీ వాళ్ల సంస్మరణ సభ. "పోట్లాటకి ఇంత పెట్రోలు తగలేసేదాన్ని నిన్నే చూశాను" అంటూనే మా ఆయన కారు తీశాడు. చెట్ల మధ్య "మరువలేం" అని పెద్ద బ్యానరు, దాని కింద పులిహోర ట్రేలు. రెండు నిమిషాలు మౌనమన్నారు. అన్నయ్య ఫోను కర్రకి తగిలించి, "ఫ్రెండ్స్, ఇప్పుడు మేమందరం మౌనం పాటిస్తున్నాం" అని లైవులో రెండు నిమిషాలూ మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్‌లో మామ్మ వీడియో వేశారు.

నా పక్కన కూర్చున్న కరీంనగర్ అమ్మాయి, భర్తతో వచ్చినట్టుంది, కళ్లు తుడుచుకుని నా చెవిలో అడిగింది. "అక్కా, ముసలామె ఒక్కతే ఉండెనా ఇంట్ల? జరం గూడ ఉండె గదా. మరి ఆమెను ఎవలు చూసిన్రు?"

అంతమందిలో బుర్ర ఉన్నది ఆ పిల్లొక్కతే. "అదే అడగడానికొచ్చానమ్మా" అని లేచాను.

"అన్నయ్యా, మామ్మ వీడియో మొత్తం నాకు పంపించు."

"పేజీలో పెట్టాను కదే."

"పెట్టింది తోక. నాకు ఆవు కావాలి."

"అబ్బా, ఎడిట్ చేశానే. అంత పొడుగు ఎవడు చూస్తాడు?"

"తాళం చప్పుడుకి విమానాలు అతికించడం ఎడిటింగా? దాన్ని మన ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారు."

వదిన కాగితం ప్లేటు పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "ఎండన పడొచ్చావు, ముందు పులిహోర తినమ్మా."

"పులిహోర తరవాత వదినా. ముందు పేరు కావాలి. తాళం పగలగొట్టినావిడ పేరు."

అన్నయ్య నన్ను బ్యానరు వెనక్కి తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు. "చూడు చెల్లాయ్. పబ్లిక్ పేజీ ఇది. తాళం వేసి పోయారంటే తాతల్ని తిడతారు. కుండల మాటెత్తితే కులాల గొడవలు. ఇక్కడ ఆన్‌లైన్లో రాసినదానికి కేసులు కూడా అవుతాయి, తెలుసా? ముసలావిడకి మతి నిలకడ లేదు. ఖలాస్, వదిలెయ్."

"మతి లేని మనిషినా సాక్ష్యానికి కూర్చోబెట్టావు?"

"అది ఎమోషనల్ కంటెంటే..."

"ఒక్క మాట చెప్పు. ఆవిడ పేరు మామ్మ నీకు చెప్పిందా, లేదా?"

"చెప్పిందేమో. నాకు గుర్తులేదు."

"మరువలేం" అన్న అక్షరాల వెనక నిలబడి అన్నాడా మాట. వెనకనుంచి చూస్తే అవి తిరగబడి కనిపిస్తున్నాయి.

"వీడియో ఉందిగా, చూసి చెప్పు."

"మెమరీ నిండిపోతే తీసేశాను."

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. వాళ్లబ్బాయి మొదటి అడుగుల దగ్గర్నుంచి ప్రతి పుట్టినరోజు కేకూ దాచుకున్న ఫోనులో, ఇదొక్కటే అడ్డమొచ్చిందా?

తిరుగు దారిలో మా ఆయన అన్నాడు. "ఎవరైతేనేం, ఆవిడ బతికించింది. అది చాలదా?"

"మా ఇంటి మగాళ్లూ అచ్చం అదే అనుకున్నారు, ఎవరైతేనేమని" అన్నాను. మా ఆయన రేడియో గొంతు పెంచాడు.

ఆ వీడియో కింద ఉన్నదున్నట్టు రాశాను. చప్పుడు తాళానిదనీ, తాళం పెట్టింది మావాళ్లేననీ, పగలగొట్టి జావ పోసినావిడ పేరు ఎవరికైనా తెలిస్తే చెప్పమనీ. కాసేపటికి ఆ రాత మాయమైంది. మళ్లీ రాశాను. ఈసారి పేజీయే మాయమైంది, నాకు మాత్రం. అప్పట్నుంచీ మా ఆయన ఫోన్లో చూస్తున్నాను.

పెద్దమ్మకి ఫోను చేసినప్పుడల్లా మామ్మ పడుకునే ఉంది. ఎన్నిసార్లు చేసినా అదే నిద్ర. సెలవులకి వెళ్లి పక్కన కూర్చుని అడుగుదామని టికెట్లు తీసుకున్నాం. మేం వెళ్లేలోపే పోయింది. పేజీలో ఆవిడ బొమ్మకి దండ వేసి, "బాంబులకు బెదరని వీరవనిత" అని పెట్టారు. అవును, బాంబులకి బెదరలేదు. అన్నలు పెట్టిన తాళం మాత్రం లోపలినుంచి తియ్యలేకపోయింది.

పద్దెనిమిదిలోనూ, పందొమ్మిదిలోనూ ఏప్రిల్ రాగానే ఆ వీడియో పైకి తేలింది. అదే ఢాం, అవే విమానాలు, కింద కొత్త కన్నీళ్లు. తాళం ఎవరు పెట్టారని నేనిప్పుడు అడగడం లేదు. అది తెలుసు. పెట్టినవాళ్ల ఫొటోలు మా ఇళ్ల గోడల మీద గంధపు దండలతో ఉన్నాయి. ఊరంతా ఖాళీ అయిందంటున్న ఆ ఊళ్లో, ఖాళీ చెయ్యకుండా ఉండి, మా గుమ్మం ముందు ఆగి, లోపలి మూలుగు విని, దెబ్బలు తినడానికి సిద్ధపడి మరీ బండరాయి ఎత్తిన ఆ ఆడమనిషి పేరేమిటి?