తోటలో పెళ్లిచూపులు, ఏట్లో స్నానాలు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఊళ్లో రెండింటికి కరువు: అద్దె ఇళ్లకు, నీడకు. ఆఫీసులు డేరాల్లో నడిచేవి, గుమాస్తాలూ డేరాల్లోనే కాపురముండేవారు. నీడ కావాలంటే హంద్రి ఒడ్డున పాత సమాధుల తోట ఒక్కటే గతి. నవాబుల నాటి వేపచెట్లు, వాటి కింద గోరీలు. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. ముసలివాళ్లు పేపరు చదివేవారు, పిల్లలు బొంగరాలు తిప్పేవారు, బొరుగులామె గేటు దగ్గర గంప దించేది. కింద పడుకున్నవారు ఎవరికీ అడ్డు చెప్పలేదు. కొన్నాళ్లకు అది శ్మశానమన్న సంగతే మరిచిపోయాం.

మా అన్నకు పెళ్లిచూపులు అక్కడ జరగడానికి ఆ మరుపే కారణం.

అన్నకు ముప్పై దాటింది. నడినెత్తిన జుట్టు ముందే సెలవు తీసుకుంది. వెనక వెంట్రుకలను ముందుకు దువ్వి, ఆముదంతో అతికించి, లోకానికి తెలియదనుకునేవాడు. వచ్చిన సంబంధాలన్నీ తెలుసుకునే తిరిగిపోయాయి. ఈసారి అమ్మాయిది కోయిలకుంట్ల వైపు పల్లె. తండ్రి లేడు; ఇంట్లో చివరి మాట అవ్వది. అమ్మాయి మేనమామ కర్నూల్లో గుమాస్తా. "డేరాలో ఏం చూస్తారప్పా, ఉడికిపోతారు. తోటకు రాండి," అన్నది ఆయనే.

ఆ రోజు అన్న తలకు పట్టించిన ఆముదంతో ఒక ఇంటికి దీపం వెలిగేది. "ఈ తూరి కూడా కాదంటే నేనింగ పెండ్లి చేసుకోనురా," అన్నాడు దారిలో.

అమ్మాయి వేపచెట్టు కింద జంబుఖానా మీద తల వంచుకుని కూర్చుంది. ముఖాన పౌడరు దట్టంగా ఉంది. అవ్వ పక్కనున్న రాతి అరుగుకు చేరగిలబడి, "శానా చల్లగుండాదే ఈ అరుగు," అంది.

చెట్లకు నీళ్లు పోస్తున్న సాయిబు తాత కడవ దించి, మర్యాదగా చెప్పాడు: "అవ్వా, ఆడ మా పెద్దాయన పండుకోనుండాడు. రవ్వంత ఇట్లా జరుగు."

అవ్వ చుట్టూ చూసింది. ఈసారి చెట్లు కాక మిగతావి కనిపించాయి.

"ఏమప్పా, పిల్లను చూపించేకి నీకు గోరీల దొడ్డే దొరికెనా?" అని మేనమామ మీద లేచింది.

"గాలి బాగా వస్తాదని..." అన్నాడాయన.

అన్న ముఖంలో నెత్తురు లేదు. "అవ్వా, ఇంతమంది సాక్షులు ఇంగ యాడ దొరుకుతారు? ఒక్కరూ మాట మార్చరు," అన్నాను. అన్న నా కాలు తొక్కాడు.

"ఈడ ఎవురూ ఏం మాట్లాడొద్దండి. ఈ నేల తొక్కినాక తలకు పోసుకోకుండా శుభం మాట ఎత్తేది లేదు. పాండి ఏటికి," అంది అవ్వ.

హంద్రిలో ఇసుకే ఉంది. తుంగభద్ర దాకా నడిచాం. ముందు అవ్వ, వెనక పట్టుచీరలో అమ్మాయి, ఆ వెనక మేనమామ, అందరికన్నా వెనక ఉరికంబం ఎక్కబోయేవాడిలా అన్న. "జలుబు చేసిందని చెప్పురా," అని బతిమాలాడు. చెప్పాను.

"గోరీల కాడ లేని జలుబు నీళ్ల కాడ వచ్చెనా? మునగమను," అంది అవ్వ.

ఆడవాళ్లు బండకు అవతల, మేము ఇవతల. ఆముదం నీటికి అంత తేలిగ్గా లొంగదని అన్నకు చిన్న ఆశ. కాని మునిగి లేచేసరికి వెంట్రుకలన్నీ మెడ మీదికి జారి పుట్టింటికి చేరాయి. అన్న నెత్తి ఎండలో మెరిసింది.

బండ చాటు నుంచి అమ్మాయి వచ్చింది. పౌడరు కొట్టుకుపోయి, బుగ్గల మీద అమ్మవారి మచ్చలు బయటపడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాచుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు. అన్న కళ్లు దించలేదు. అమ్మాయి కూడా.

కాసేపటికి ఆమె తన భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చింది. "ఎండ శానా ఉండాది. తలకు కట్టుకోమని చెప్పప్పా మీ అన్నకు," అంది. పెదవి చివర నవ్వు దాగలేదు.

అవ్వ తడి కొంగు పిండుకుంటూ బండ మీద కూర్చుంది. "ఊ, ఇప్పుడు మాట్లాడుదాం," అంది.

పెళ్లయ్యాక సాయంత్రాలు వాళ్లిద్దరూ ఆ తోటకే పోయేవారు. పెద్దాయన అరుగుకు కొంచెం ఎడంగా కూర్చునేవారు. ఇంటికి రాగానే తలకు పోసుకోవడం మాత్రం వదిన మానలేదు, అన్నను మాననివ్వలేదు. అన్న ఆముదం సీసాను వదిన దీపాలకే వాడేసింది.