ముందు మీరు కానివ్వండి

గియాంతో అనే అతను గుమ్మం దాటాలంటే ఎదురుగా ఎవరూ రాకూడదు. వస్తే పక్కకు జరిగి, నడుం వంచి, బొటనవేలితో దారి చూపిస్తూ ముందు మీరు అంటాడు. అవతలివాళ్లూ మర్యాదకు పేరుపడ్డ జావా దీవిలోని జోగ్జా నగరం వాళ్లే కాబట్టి వాళ్లూ అదే అంటారు. నలభై రెండేళ్ల బతుకులో గుమ్మాల దగ్గరే రెండేళ్లు గడిచి ఉంటాయని తోటి ఉద్యోగి తోగర్ లెక్కగట్టాడు. తోగర్‌ది సుమత్రాలో బతక్ కొండలు. ముందు లోపలికి దూరి, తర్వాత పలకరించే రకం.

ఇద్దరూ కలిసి పల్లె గ్రంథాలయాల కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. నడుమ పెద్ద సర్వర్ అంటూ ఉండదు. కంప్యూటర్లే నేరుగా ఒకదానికొకటి పుస్తకాలు, పాత పాటలు పంపుకుంటాయి. పల్లెల్లో లైను సన్నం కనుక ఏ రెండింటి మధ్యనైనా ఒకసారికి ఒకవైపు నుంచే డేటా ధార పారాలి. ఆ వంతులు చూసే భాగం గియాంతో రాశాడు. ఆఫీసులో ఇద్దరూ పరీక్షించినప్పుడు నెలరోజులూ చక్కగా పారింది.

గురువారం పొద్దున ఐదుగురు లైబ్రేరియన్లు తమ కంప్యూటర్లు పట్టుకుని వచ్చారు. వాళ్లు సంతకాలు పెడితే సాఫ్ట్‌వేర్ ఊళ్లకు వెళ్తుంది. లేకపోతే మూడేళ్ల పని మూలపడుతుంది, పాటలు మళ్లీ పెన్‌డ్రైవుల్లో మోటారు సైకిలెక్కుతాయి. తోగర్ చూస్తే చెల్లెలి పెళ్లికి మెదాన్ వెళ్లాడు.

ఐదింటిలోనూ లైను కలిసిందని పచ్చదీపం వెలిగింది. ఒక్క పాటా కదల్లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. గియాంతో చెమట తుడుచుకుంటూ టీలో చక్కెర సరిపోయిందా అని మూడోసారి అడిగాడు. తప్పు పట్టినట్టు ఉంటుందేమోనని లైబ్రేరియన్లు పచ్చదీపం రంగును మెచ్చుకున్నారు.

అందరిలో పెద్దావిడ పార్తినా మాత్రం బల్ల మీది పళ్లెం చూస్తోంది. అందులో సోయా గింజలతో చేసి వేయించిన టెంపే ముక్క ఒక్కటే మిగిలింది. ఎవరికి వాళ్లు పక్కవాళ్ల వైపు జరపడంతో పళ్లెం ఇప్పటికి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"నాయనా, నీ కంప్యూటర్లు కూడా ఇదే పని చెయ్యట్లేదు కదా?" అంది.

గియాంతో లోపలి చిట్టా తెరిచి చూశాడు. ముందు నువ్వు కానీ అని ఒకటి, అబ్బే ముందు నువ్వే అని ఇంకొకటి, సెకనుకు నలభైసార్లు. రెండింటికీ ఒకేసారి పంపాలనిపిస్తే అవతలిదానికి దారివ్వాలని రాసింది తనే. ఆఫీసు పరీక్షల్లో అవతలిది తోగర్ కంప్యూటర్. ఆ నియమం అడ్డంగా ఉందని అతను తన దాంట్లోంచి ఎప్పుడో పీకేశాడు.

ఫోన్ చేస్తే పెళ్లి బాజాల మధ్య నుంచి తోగర్ అన్నాడు: "అంతమందిలో ఎవడో ఒకడు సిగ్గు విడవాలి గదన్నా."

ఆ మాట కోడ్‌లో రాయడానికి గియాంతోకు చేతులు రాలేదు. చాలాసేపు తల గోక్కుంటే మర్యాద చెడకుండానే దారి దొరికింది. నెట్‌వర్క్‌లో ముందు చేరింది పెద్దది. పెద్దదే ముందు పంపాలి. వద్దనకూడదు. అంతే రాసి ఐదింటిలోనూ వేయగానే పాటలు బిలబిలమంటూ పారాయి.

సంతకాల కాగితం బల్ల మీద పెట్టాడు. ఐదుగురూ మెచ్చుకుంటూనే దాన్ని పక్కవాళ్ల వైపు జరిపారు. అది రెండో చుట్టు మొదలెట్టడం చూసి గియాంతో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పెద్దావిడ పార్తినా చేతిలో కలం పెట్టేశాడు.

"అమ్మా, ఇవాళ అందరికంటే ముందొచ్చింది మీరు. వద్దనకూడదు."

ఆవిడ నవ్వి సంతకం చేసింది. మిగతా నలుగురూ వచ్చిన వరసలో చేశారు.

టెంపే ముక్కకు కూడా ఆ నియమం పెట్టొచ్చని ఎవరికీ తోచలేదు. సాయంత్రం ఆఫీసు పిల్లి తినేసింది, ఎవరినీ అడక్కుండా.