తెగని సగం రోజు

చొక్కాల కంపెనీలో గుండీలు కుట్టే ఆమెను అందరూ లాయరు పిన్ని అంటారు. పొద్దున లోపలికి రాగానే గోడ గడియారాన్నీ, తన చేతి వాచీనీ మార్చి మార్చి చూస్తుంది. రెండూ ఒకే టైము చూపిస్తే అనుమానంగా వాచీని చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. కూతురి పురుటి కోసం ఎనిమిది రోజుల సెలవు వాడకుండా దాచుకుంది. అందులో ఒక్క గంట కూడా కంపెనీ నోట పడకూడదు.

మొన్నామధ్య మధ్యాహ్నం కరెంటు పోయింది. "ఇక రాదు, ఇళ్ళకెళ్ళి హాయిగా పడుకోండి" అన్నాడు సూపర్‌వైజరు ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టి. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. "ఈ పూట మా సెలవుల్లోంచి తగ్గించబోమని కాగితం రాసివ్వు బాబూ" అంది. "నీకన్నీ అనుమానాలే పిన్నీ!" అన్నాడు గానీ కాగితం రాయలేదు. అందరూ బిలబిలమంటూ వెళ్ళిపోయారు. ఆమె మాత్రం సూదిలో దారం ఎక్కించి, ఆగిన మిషను ముందు అయిదు దాకా కదలకుండా కూర్చుంది. నెలాఖరున అంటించిన సెలవుల పట్టీలో ఆ పూట వెళ్ళిపోయిన వాళ్ళందరికీ సగం రోజు తెగింది. "నీ ఎనిమిదీ అలాగే ఉన్నాయి, అదృష్టవంతురాలివి!" అన్నారు పక్క మిషనువాళ్ళు ఏడుపు మొహాలతో. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని పట్టీని మూడుసార్లు చదివింది. "నన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశారంటారు?" అని గొణుక్కుంటూ, ఆ ఎనిమిదికీ కాగితం రాయించుకోవడానికి ఆఫీసు గదివైపు నడిచింది.