నోటి వాసన పరీక్ష

మా మనవడి కాలేజీలో పిల్లలకు మత్తుమందుల పరీక్ష పెట్టాలా వద్దా అని తల్లిదండ్రులను పిలిచి అడిగారట. నువ్వు మాస్టారుగా చేశావు కదా, నీ ఉద్దేశమేమిటి నాన్నా అని మా అమ్మాయి నన్నడిగింది. ఏమో తల్లీ అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పరీక్ష ఒకప్పుడు నేను చేసినవాణ్ణే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో నందిగామ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. అప్పుడప్పుడే ఆ నల్లరేగడి చేలన్నీ పత్తికి తిరిగాయి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒకడి సంచిలో గంజాయి పొట్లం దొరికింది. రోడ్డు మీద లారీవాళ్ల దగ్గర కొన్నాడట. వాడు మా స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారి అబ్బాయి. వేరే వాడైతే ఆ పూటే టీసీ చేతికిచ్చి పంపేవాళ్లం. హెడ్మాస్టరు గారు రెండు రోజులు ఆలోచించి, ఒక్కణ్ణి వేలెత్తి చూపితే బాగుండదు, మగపిల్లలందరికీ పరీక్ష పెడదామన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. పరీక్షలు మీకే కదా తెలిసేది అని ఆ పని సైన్సు మాస్టారినైన నాకు అప్పగించారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

పరీక్ష అంటే ఏమీ లేదు. ప్రేయరు అయ్యాక వరసలో నిలబడాలి. నేను దగ్గరికెళితే నోరు తెరిచి 'హా' అనాలి, వేళ్లు చూపించాలి. వాసన వస్తే పేరు రిజిస్టరులో ఎక్కేది. మొదటి రోజు అందరినీ చూశాను. రెండో రోజు నుంచి ప్రెసిడెంటుగారి అబ్బాయి ప్రేయరు అయ్యాకే బడికి రావడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి నేను వాసన చూసేది హాస్టలు పిల్లల్నీ, ఊరవతల కూలీల పల్లె నుంచి వచ్చే పిల్లల్నీ మాత్రమే. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నా కాళ్లే అటు నడిచాయి.

పల్లె పిల్లల్లో ఒకడు పదో తరగతి. తండ్రి లేడు, తల్లి కూలికెళ్లేది. ఆదివారం చర్చిలో బైబిలు చదివేది వాడే. మనిషి గుండె బొమ్మ నా కంటే బాగా వేసేవాడు. పబ్లిక్ పరీక్షల్లో ఫస్టు క్లాసు నీదేరా అని నేనే నలుగురిలో అన్నాను కూడా.

పత్తికి పచ్చపురుగు పట్టిన రోజులవి. ఆ ఉదయం వాడు 'హా' అనగానే కల్లు వాసన గుప్పుమంది. చొక్కా తడిసి వీపుకంటుకుపోయి ఉంది. కాళ్లు నిలవడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వేరే ఎవడైనా అయితే అంత కోపం వచ్చేది కాదేమో. ఎక్కడ తాగావురా అనడిగాను.

"చేలో ఇచ్చారండి," అన్నాడు.

ఎవరి చేలో, ఎందుకిచ్చారు అని అడగాలి కదా. అడగలేదు. ఇచ్చినవాడిది తప్పా, తాగినవాడిది తప్పా అని హెడ్మాస్టరు గారు రెండు తగిలించి, జెండా కర్ర దగ్గర ఎండలో నిలబెట్టమన్నారు. 'తాగి వచ్చాడు' అని రిజిస్టరులో నేనే రాశాను. నేను క్లాసుకు కదులుతుంటే వాడు మెల్లగా పిలిచాడు.

"కళ్లు తిరుగుతున్నాయి మాస్టారూ. కూర్చుంటానండి."

"తాగినోడికి తిరక్క ఏం చేస్తాయిరా? నిలబడు," అన్నాను.

పాఠం చెబుతుంటే కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. నోటి వెంట చొల్లు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటున్నాడు. క్లాసులో పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. రెండో పీరియడు గంట కొట్టాక పడిపోయాడు.

ఎడ్లబండిలో వేసుకుని నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు వాడి కనురెప్ప ఎత్తి చూసి, చొక్కా వాసన చూసి, పొద్దున పురుగుమందు చల్లాడా అనడిగారు. నాకు తెలియదన్నాను. ఇంకో రెండు గంటలు ముందు తెచ్చుంటే చూసేవాణ్ణి అన్నారాయన. సాయంత్రం కాకుండానే పోయాడు.

స్ప్రేయరు వీపుకెత్తుకోబోయే కూలీకి గ్లాసుడు ఈతకల్లు పట్టడం మా వైపు రైతుల అలవాటు. కడుపులో కల్లుంటే విషం ఎక్కదని వాళ్ల నమ్మకం. పిల్లవాడైనా సరే, పట్టేవాళ్లు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే. వాడు తెల్లవారుజామున మందు చల్లి వచ్చింది ప్రెసిడెంటుగారి చేలో అని ఆ మర్నాడు తెలిసింది. ఆ సంగతి బళ్లో ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు.

వారం తర్వాత తల్లి బడికొచ్చింది. మాస్టర్ల గది గుమ్మం దాటకుండా బయటే నిలబడింది. తాగి చచ్చాడని పల్లెలో అనుకుంటున్నారనీ, చర్చిలో తన మొహం ఎవరూ చూడడం లేదనీ నెమ్మదిగా చెప్పింది.

"మీ పుస్తకంలో అట్టా రాసుందంటగా మాస్టారూ. ఆ మాటొక్కటి కొట్టెయ్యండి. నాకింకేం వద్దు."

అది నా చేతుల్లో లేదమ్మా, హెడ్మాస్టరు గారిని అడగాలి అన్నాను. రాసిన చెయ్యి నాదే. కలం నా జేబులోనే ఉంది. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారు, అడిగితే ప్రెసిడెంటుగారి చేను మాట వస్తుంది. బదిలీ చేయించి ఏ మూలకు తోస్తారోనని నాకు భయం.

ఆమె వెళ్లబోయి ఆగింది.

"వాసన చూసింది మీరే గదండీ. పురుగుమందు వాసన రాలేదా మీకు?"

వచ్చింది. కల్లు వాసన కంటే ముందు అదే వచ్చింది. ఆ రోజుల్లో బళ్లో సగం మంది పిల్లల బట్టలు ఆ వాసనే కొట్టేవి, నేను పట్టించుకునేవాణ్ణి కాదు. రిజిస్టరులో దానికి గడి లేదు.

"రాలేదమ్మా," అన్నాను.