సరిసంఖ్యలు సగమని ఒప్పుకోమన్నారు

రాసుకుంటున్నావా నాన్నా? సరే. అనంతం గురించి తెలుసుకుంటే ఎవరికేం ఒరుగుతుందని నిన్న అడిగావుగా. ఒరగడం సంగతి అలా ఉంచు, దానివల్ల మీ అమ్మకి ఇంటర్ రెండో సంవత్సరంలో చదువే ఆగిపోబోయింది. అది చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేయకు, వేస్తే నేను ఇంకెక్కడికో వెళ్లిపోతాను.

అప్పుడు మేం బందరు పక్కన ఉండేవాళ్లం. ఇంట్లో రెండు మగ్గాలు. మీ తాతయ్య నేసేవారు, పడుగు పనులు, అంటే నిలువు దారాల పనులు, నేను చూసుకునేదాన్ని. మీ అమ్మకి లెక్కలంటే ప్రాణం. అందుకని బెజవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాలేజీలో చేర్పించి హాస్టల్లో పెట్టాం. ఇక పబ్లిక్ పరీక్షలు వస్తాయనగా, ఒకరోజు పొద్దున్నే మా సందు చివర ఎస్టీడీ బూత్ అతను పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నిగారూ, అమ్మాయి కాలేజీ నుంచి ఫోనండీ. ఇవాళే రమ్మంటున్నారు. మిమ్మల్ని ఇద్దర్నీ."

"ఎందుకో చెప్పారా బాబూ?"

"లేదండీ. ఒంట్లో మాత్రం బానే ఉందన్నారు."

ఆ మాటకి భయం తగ్గాలి కదా? నాకు ఇంకా పెరిగింది. ఒంట్లో బాగున్న ఆడపిల్ల అమ్మానాన్నల్ని ఇద్దర్నీ ఎందుకు పిలుస్తారు? తాతయ్య మగ్గం గుంటలోంచి లేచి చొక్కా తొడుక్కున్నారు. బస్సు పామర్రు దాటింది, ఉయ్యూరు దాటింది. కంకిపాడులో ఆగినప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎవడన్నా కుర్రాడంటావా?" అన్నారు.

"మీరు ఊరుకోండి," అన్నాను. నేనూ అదే అనుకుంటున్నాను మరి.

మీ అమ్మ ప్రిన్సిపాల్ గది బయట గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. మాట్లాడనివ్వకుండా మమ్మల్ని లోపలికి పిలిచారు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో ఉన్నారు, లెక్కల మాస్టారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీ అమ్మాయి క్లాసులో సార్‌తో వాదనేసుకుందండీ," అన్నారు ప్రిన్సిపాల్. "సరిసంఖ్యలు, అంటే రెండు, నాలుగు, ఆరు... ఇవి మొత్తం అంకెల్లో సగమే కదా? సార్ మాటవరసకి ఆ ముక్కన్నారు. ఈవిడగారు లేచి, కాదు, రెండూ సమానం అంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఇప్పుడు అన్ని సెక్షన్ల పిల్లలూ పుస్తకాలు మూసేసి ఇదే గోల. పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని!"

తాతయ్యకి ఊపిరొచ్చింది. "ఇంతేనాండీ!" అని నవ్వేశారు.

"ఇంతేనా ఏంటండీ? క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాలి. సరిసంఖ్యలు సగమే, నాదే తప్పు అనాలి. అప్పుడే హాల్ టికెట్. లేదంటే టీసీ రాసిచ్చేస్తాను, తీసుకెళ్లిపోండి."

తాతయ్య నవ్వు ఆగిపోయింది. హాల్ టికెట్ లేకపోతే పరీక్ష లేదు. మా వాళ్లలో ఆడపిల్లని ఇంటర్ దాకా పంపిందే మేము. చదువు ఆగి ఇంటికొచ్చిందంటే, మళ్లీ పంపడానికి మా అత్తగారు ఒప్పుకోరు, మీ తాతయ్య ఎదురు చెప్పరు. మీ అమ్మ నా పక్కన పడుగు పనికి కూర్చోవడమే.

"పది నిమిషాలు తీసుకోండి. మీ పిల్లకి మీరే చెప్పుకోండి," అన్నారు ప్రిన్సిపాల్.

బయటికొచ్చి నడవాలో ఒక మూలకి తీసుకెళ్లాం.

"చెప్పెయ్ అమ్మడూ," అన్నాను.

"గొంతు పెంచినందుకు సారీ ఎన్నిసార్లైనా చెప్తానమ్మా. సగం అని మాత్రం అనను."

తాతయ్య పళ్లు బిగించారు. "సగమైతే నీకేంటే, కాకపోతే నీకేంటే? దాన్నేమన్నా కూరొండుకు తింటామా?"

"తినం నాన్నా."

"మరింకేంటి?"

"అది నిజం కాదు నాన్నా."

ఆయన చెయ్యెత్తుతారేమోనని భయమేసి, మంచినీళ్లు తాగి రమ్మని పంపేశాను. "నాకు చెప్పవే," అన్నాను. "ఒకటి, మూడు, ఐదు, ఇవన్నీ తీసి పారేశాక కూడా సమానమేనంటే వినేవాళ్లకి పిచ్చెక్కదూ?"

"కొత్త పడుగు అతికేటప్పుడు మనం పోగులు లెక్కపెడతామా అమ్మా?"

నీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను, ఇదీ రాయి. మగ్గం మీద పడుగు అయిపోతే, పాత దారం కొసలు మగ్గానికే ఉంచి, వాటికి కొత్త పోగుల్ని అతుకుతాం. వేళ్లకి బూడిద అద్దుకుని, ఇటు నుంచి పాత పోగొకటి, అటు నుంచి కొత్త పోగొకటి తీసి మెలిపెట్టడమే. వేల పోగులు, ఎవరు లెక్కపెడతారు? చివరికొచ్చేసరికి ఏ వైపూ ఏదీ మిగలకపోతే రెండూ సమానం. ఒంటరి పోగు మిగిలిందా, మధ్యలో ఎక్కడో దాటేశామన్నమాట.

"ఒకటికి రెండుని అతుకు," అంది మీ అమ్మ. "రెండుకి నాలుగు. మూడుకి ఆరు. ఇటు అంకెలన్నీ, అటు సరిసంఖ్యలు. ఏం మిగిలింది?"

"ఇప్పుడేం మిగులుతుంది? చివరికి రా, తెలుస్తుంది. ఇటువైపు సగం జత లేకుండా వేలాడుతుంటాయి."

మా పనిలో తప్పు బయటపడేది చివర్లోనే కదా. అందుకే ధీమాగా అన్నాను.

"చివర లేదు కదమ్మా," అంది.

"చివర లేకపోతే తప్పు దొరికేదెలాగే?"

"జత దొరకని అంకె ఏదో నువ్వే చెప్పు."

"నూట ఇరవై."

"రెండొందల నలభై."

"లక్షా ఒకటి."

"రెండు లక్షలా రెండు."

ఇంకా పెద్దది చెబుదామని నోరు తెరిచి, మూసేశాను. ఎంత పెద్దది చెప్పనీ, దానికి రెట్టింపు ఉండనే ఉంటుంది. అర్థమైనందుకు సంతోషం వేసిందనుకుంటున్నావా? కాదు, ఇరుక్కుపోయాను. ఏదో పంతం మానిపిద్దామని వచ్చాను. ఇప్పుడు తెలిసి తెలిసి అబద్ధం చెప్పమనాలి. చెప్పకపోతే పిల్ల చదువు ఇక్కడితో సరి. నీళ్లు తాగొచ్చిన తాతయ్య, "ఒప్పుకుందా?" అన్నారు. జవాబు చెప్పేలోపే అటెండర్ ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు.

"ఏమంటుందండీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"గొంతు పెంచినందుకు అందరి ముందూ సారీ చెబుతుందండీ. రెండోది మాత్రం... నేను చెప్పించలేనండీ."

తాతయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"మీరు కూడానా? ఏం చదువుకున్నారమ్మా మీరు?"

"ఐదో క్లాసండీ."

ఆయన నవ్వారు. నేను తడబడుతూ పడుగు సంగతి, జతల సంగతి చెప్పాను. అప్పటిదాకా నేల చూస్తున్న లెక్కల మాస్టారు తలెత్తారు. "పోగులు అయిపోతాయమ్మా, అంకెలు అయిపోవు. అయిపోయేవాటి రూలు అయిపోనివాటికి పనికొస్తుందని ఎవరన్నారు?"

నేను మీ అమ్మ వైపు చూశాను. మీ అమ్మ మెల్లిగా అంది, "అలాగైతే సగం అనే రూలు కూడా పనికిరాదు కదా సార్?"

ప్రిన్సిపాల్ సొరుగులోంచి టీసీ పుస్తకం తీసి, పెన్ను క్యాప్ విప్పారు. "బాబ్బాబు, రాయకండి," అంటూ తాతయ్య చేతులు జోడించి లేచారు.

"సార్, ఒక్క నిమిషం," అన్నారు మాస్టారు. "ఆ అమ్మాయి చెప్పింది కరెక్టే సార్. నేను ఎమ్మెస్సీలో చదువుకున్నదే."

"మరి క్లాసులో ఎందుకు కాదన్నారు?"

"ఒప్పుకుంటే ఒక్కొక్కళ్లూ ఒక్కో ప్రశ్న వేస్తారు సార్. సాయంత్రానికి మీరు ఎన్ని చాప్టర్లు అయ్యాయని అడుగుతారు."

ఇంతసేపూ తెలిసే ఊరుకున్నాడా అని నాకు ఒళ్లు మండింది. మీ అమ్మ మాత్రం ఆయన్ని జాలిగా చూసింది.

"ఇది పరీక్షలో వస్తుందా?" అన్నారు ప్రిన్సిపాల్.

"రాదు సార్."

"రానిదానికా ఇంత రభస? సరే, గొంతు పెంచినందుకు సారీ చెప్పించండి చాలు. ఆ సగం, సమానం మాట మాత్రం ఇంక ఈ కాలేజీలో వినపడకూడదు. వినపడిందా, ఈ హాల్ టికెట్ దక్కదు." దాన్ని చేతిలో పట్టుకుని మాతోపాటే పైకి వచ్చారు.

క్లాసు గుమ్మంలో ఆయన, ఆయన పక్కన మేమిద్దరం. మీ అమ్మ బల్లల ముందు నిలబడి సారీ చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో ముందు బల్లలో పిల్ల ఒకతె లేచింది. "మరి సగమా సార్, సమానమా?"

మాస్టారు గుమ్మం వైపు చూశారు. ప్రిన్సిపాల్ కదల్లేదు. నా కళ్లు ఆ హాల్ టికెట్ మీదే ఉన్నాయి.

"సమానం," అన్నారు మాస్టారు. "కూర్చో. పుస్తకాలు తియ్యండి." బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టారు. అక్షరాలు వంకర్లు పోతున్నాయి.

ప్రిన్సిపాల్ ఆ వీపు వంకే కాసేపు చూశారు. తర్వాత హాల్ టికెట్ నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు.