పందిపిల్లల పంక్తిలో మా మరిది

మా మరిదికి ఒకటే పిచ్చి: పందిపిల్లల కడుపు. తల్లి దగ్గర పాలు మాన్పించిన రోజున, పిల్లలకి జావ పోసి ఊరుకోడు. ఆ దొడ్లోనే గొంతుక్కూర్చుని, తనూ ఓ గిన్నెడు పోసుకుని, వీధి చివరికి వినబడేలా జుర్రుతాడు. పందుల్ని పెంచేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, వాటితో పంక్తిలో కూర్చున్నవాణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశాను.

ఎవరు ఎదురైనా "బాగున్నారా" అనడు. "కడుపెలా ఉంది?" అంటాడు. మా అబ్బాయి పై ఆఫీసరు ఇంటికొస్తే, "ఏమండీ, విరేచనం గట్టిగానే అవుతోందా?" అని అడిగాడు. ఆయన కాఫీ కప్పు అలాగే కింద పెట్టేశాడు.

దాణా అమ్మేవాడు ఓసారి బస్తా దింపాడు.

"అన్నా, కొత్త సరుకు. పిల్లలు ఏనుగులైపోతాయి!"

"ముందు నువ్వో పిడికెడు తిను."

"నేనెందుకు తింటానన్నా?"

"మరి నిన్నటిదాకా పాలు తాగినదానికి రాళ్ళలాంటి నీ దాణా ఎలా పెట్టను? పేగింకా పసిది. పిండి అరిగించుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకోవాలి పాపం."

ఆ పాపం పంది మీద. మనిషి మీద ఆ మాట వాడి నోట నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన పోయాక నాకు తిండి సయించలేదు. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని తిన్న మనిషి లేకపోతే, కంచం చూస్తేనే విసుగు. చీపురుపుల్లనయ్యాను. కోడలు బతిమాలింది, కొడుకు కసిరాడు, ఇలాగే ఉంటే ఆస్పత్రిలో పడేసి ముక్కులో గొట్టం వేస్తానన్నాడు డాక్టరు. నేను వింటానా? నా ఇంట్లో నన్ను తినమనడానికి వీళ్ళెవరు?

అప్పుడు పొద్దున్నే దిగబడ్డం మొదలెట్టాడు మా మరిది, ఒంటినిండా దొడ్డి కంపుతో. "వదినా, ఆకలేస్తోంది" అని జావ కాయించుకుని, నా ఎదుటే కూర్చుని జుర్రేవాడు. నా గిన్నెలో మాత్రం ఒక్క గరిటె.

"ఏమయ్యా, నా ఇంట్లో నాకే పిసినారితనమా?"

"రేపు రెండు పోస్తాను లెండి."

ఆ రోషంతోనే తాగేసేదాన్ని. పోనుపోను నా గిన్నె నిండింది, తర్వాత అన్నం, కూర. వీడు మాత్రం రావడం మానలేదు. "వీడికి ఇంట్లో పెట్టరా?" అని కోడలి దగ్గర సణిగేదాన్ని.

మొన్న నా కాళ్ళ మీద నేనే నడిచి వాళ్ళ దొడ్డికెళ్ళాను. ఆ రోజే పాలు మాన్పించారు. పిల్లలన్నీ ఓ మూల కుప్పగా పడి కీచుమంటున్నాయి. మధ్యలో మా మరిది, జుర్రుతూ.

"ఆకలేస్తే అవే తింటాయిగా అయ్యా?" అంది కొత్తగా చేరిన పనావిడ.

"తినవమ్మా. పక్కన తల్లి లేకపోతే తిండి సంగతే మర్చిపోతాయి. ఎవరో ఒకరు ఎదురుగా చప్పుడు చేస్తూ తినాలి. మొదలెట్టాక కూడా కొంచెమే పోయాలి. పస్తున్న పేగు ఒక్కసారిగా తట్టుకోదు. రేపు ఇంకాస్త."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొడ్డి తలుపు దబదబా బాదాను.

"ఏమయ్యా! అయితే నన్ను పందిపిల్లని చేశావన్నమాట!"

మూతినిండా జావతో లేచి నిలబడ్డాడు.

"ఎంత మాట వదినా! అవి చెప్పిన మాట వింటాయి."

మర్నాడు మొహం చాటేస్తాడనుకున్నాను. వచ్చాడు.

"కడుపెలా ఉంది వదినా?"

"కూర్చో, చల్లారిపోతోంది" అన్నాను. గరిటె నా చేతిలోకి తీసుకుని, వాడి గిన్నెలో ఒక్కటంటే ఒక్క గరిటె పోశాను.

"ఇదేంటి వదినా?"

"రేపు రెండు పోస్తాలే."