వంటింట్లోంచి వినేవాళ్ళకు రాసిన మనిషి

మేడ మీద గదిలో అద్దెకుండే సార్ పోయారు. ఇంటి ఓనరుగారి భార్య మా గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పేటప్పటికి నేను దోసె తింటున్నాను. పళ్ళెం అలాగే వదిలేసి బాత్రూంలోకి వెళ్ళి, కొళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికొచ్చేసరికి అమ్మ నాన్నతో అంటోంది: "ఆ సీరియల్ రాసేది ఆయనేనటండీ, ఆవిడ చెప్తేనే తెలిసింది. ఇక అది ఆపేస్తారేమోనని దీని ఏడుపు."

నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. "ఆపేస్తే మంచిదే. సోమవారం నుంచి ఉద్యోగం కదా, ఈ పిచ్చీ వదులుతుంది" అన్నారు.

ఇరవై మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నా కళ్ళు ఎర్రగా కనిపిస్తే సీరియల్ తప్ప వేరే కారణం వాళ్ళకు తోచదు. మనిషి పోతే ఏడ్చానని చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే, ఆయనకూ నాకూ ఏం సంబంధమో మొత్తం చెప్పాల్సి వస్తుంది. ఆ సాయంత్రమే సీరియల్ ఆఫీసు మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, నెల రోజులుగా సార్ పంపిన సీన్లన్నీ మీ చేతిరాతే అంట కదా. సోమవారం నుంచి మీరు రాస్తరా? లేకుంటే వేరే మనిషిని చూసుకుంటం. జర ఆదివారం లోపల చెప్పుండ్రి." గచ్చిబౌలిలో నేను ఉద్యోగంలో చేరాల్సిందీ ఆ సోమవారమే.

కృష్ణానగర్‌లో మా సందులో ఎవరిని కదిపినా సినిమావాళ్ళే. అందుకే మేడ మీద ఒక పెద్దాయన ఏదో రాసుకుంటుంటాడంటే ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. నా ధ్యాసంతా ఆ సీరియల్ అభిమానుల గ్రూపు మీదే. చెరువు అడుగున ఒక రాజ్యం, దానికో మహారాణి, శాపం తగిలిన చెల్లెలు, చచ్చినా చావని మాంత్రికుడు. ఏడేళ్ళుగా వారానికి ఐదు రోజులు సాయంత్రం ఏడున్నరకు వస్తున్న కథ అది. కథ ఎక్కడ చెడింది, ఎందుకు చెడిందన్నదాని మీద మా గ్రూపులో జరిగిన వాదనలు ఏ కోర్టులోనూ జరిగి ఉండవు. నేను రాసే పోస్టులు పొడవుగా ఉండేవి, వాటికి గ్రూపులో మంచి పేరు కూడా ఉండేది.

ఒకరోజు మేడ మీద బట్టలు తీస్తూ, గ్రూపులో ఎవరికో జవాబుగా ఫోన్లో మాట రికార్డు చేస్తున్నాను. "ప్రతి డైలాగులోనూ పేరెందుకండీ? ఎదురుగా ఉన్నది ఇద్దరే. 'రత్నసేనా, విను', 'చెప్పు మందాకినీ', 'రత్నసేనా, ఇది మోసం'. వాళ్ళ పేర్లు వాళ్ళు మర్చిపోతారనా? ఈ రైటరుకి బుద్ధుందా?"

ఆరేసిన దుప్పటి వెనకనుంచి గొంతు వినిపించింది. "ఉన్నది బిడ్డా. జరంత ఉన్నది."

దుప్పటి పక్కకు జరిపితే, ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో అట్ట పెట్టుకుని పెన్సిల్‌తో రాస్తున్నారాయన. ఆ రైటరు ఈయనేనని అర్థమై రికార్డింగ్ ఆపేశాను. ఆయనకి కోపం రాలేదు. "మీ ఇంట్ల టీవీ ఎక్కడుంటది?" అని అడిగారు.

"హాల్లో."

"మీ అమ్మ ఏడున్నరకు ఎక్కడుంటది?"

"వంటింట్లో."

"మరి ఎవరు ఎవరితోని మాట్లాడుతున్నరో ఆమెకెట్ల ఎరుక?"

నేను ఊరుకోలేదు. అలాగైతే వాళ్ళ కోసం రేడియో నాటకం రాసుకోవాలి గానీ చూసేవాళ్ళని విసిగించడమేంటన్నాను. ఆయన నవ్వి, "నువ్వన్నది కూడా నిజమే. సగం మంది చూస్తరు, సగం మంది వింటరు. నేను వినేటోళ్ళ దిక్కు" అన్నారు. వాళ్ళావిడ బతికున్నన్నాళ్ళూ టీవీ ముందు కూర్చోలేదట. పొయ్యి దగ్గర నుంచే విని, ఎక్కడ బాగుందో ఎక్కడ బాలేదో చెప్పేదట.

మర్నాడు నేను సీరియల్ చూడలేదు. వంటింటి గడప మీద కూర్చుని అమ్మని చూశాను. కుక్కరు కూస్తోంది, పోపు చిటపటలాడుతోంది, అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. ఉన్నట్టుండి ఆమె చేయి ఆగిపోయింది. "అయ్యో, వాణ్ణి నమ్మకే" అంది గోడకేసి చూస్తూ. హాల్లో ఆ క్షణాన మహారాణి మాంత్రికుడి చేతిలోని పాత్ర అందుకుంటోంది. గ్రూపులో మూడేళ్ళు వాదించిన నాకు ఈ సంగతి తెలియదు!

ఆ రోజు నుంచి నేను బట్టలకోసమని మేడెక్కేదాన్ని. ఫోన్‌కి సిగ్నల్ అక్కడే బాగా వస్తుందని ఇంట్లో చెప్పేదాన్ని. ఆయన టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి పిట్టగోడ మీద పెట్టేవారు. గ్రూపులో ఎవరేం రాశారో చెప్పబోతే వినేవారు గానీ, అడిగేది మాత్రం ఒక్కటే: "మీ అమ్మ ఏమన్నది నిన్న?"

గ్రూపులో ఒక పెద్ద సిద్ధాంతం ఉండేది. ఈ సీరియల్‌ని ముగ్గురు రచయితలు రాశారని, మొదటివాణ్ణి తీసేశాకే చెడిపోయిందని ఉదాహరణలతో సహా నిరూపించారు. అది చదివి వినిపిస్తే సార్ చాలాసేపు నవ్వారు. "గా ముగ్గురు నేనే బిడ్డా. ఒకడు పొద్దుగాల కూసొని నిమ్మళంగ రాసిండు. ఒకడు జరమొచ్చినప్పుడు రాసిండు. ఇంకొకడు, సెట్ల అందరు మేకప్ వేసుకొని పేపర్ కోసం కూసుంటే రాసిండు. మూడోడే ఎక్కువ రాసిండు."

పేపరంటే ఆ రోజు తీయాల్సిన సీను. పొద్దున ఎనిమిదికి షూటింగు, ఏడింటికి పేపరు.

గ్రూపులో మేమంతా ఒప్పుకున్న విషయం ఒకటే. మహారాణి మౌనవ్రతం పట్టిన ఆ నలభై ఎపిసోడ్లంత గొప్ప రచన మళ్ళీ రాలేదు. ఆ మౌనం మీద, మౌనంలో వినిపించే గాజుల చప్పుడు మీద నేనే మూడు భాగాలుగా రాశాను. గాజులు ఆమె బందీ అయిన బతుక్కి గుర్తని తేల్చాను. సార్‌కి అది చదివి వినిపించాను కూడా.

"మంచిగ రాసినవ్" అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. "మహారాణికి డబ్బింగ్ చెప్పే అమ్మకు గొంతు ఆపరేషన్ అయింది. రెండు నెలలు మాట్లాడొద్దన్నరు. ఆఫీసోళ్ళు గొంతు మార్చుదామన్నరు. మారిస్తే వంటింట్ల ఉన్నోళ్ళు ఈమె ఎవరో అనుకుంటరు గదా? అందుకే ఆమెను మాట్లాడనియ్యలే. మరి వచ్చిందని ఎట్ల తెలవాలె? గాజులేసిన."

నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. నా మూడు భాగాలూ నీళ్ళపాలయ్యాయి. "అంటే అది గొప్ప రచన కాదా సార్?" అని అడిగాను.

"నాకేం ఎరుక? గొంతు పోకపోతే గాజులు వచ్చేటివి కావు. అవసరం అడిగింది, నేను రాసిన. బాగున్నదా లేదా నువ్వే చూసుకో."

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మని ఊరికే అడిగాను, ఆ మౌనవ్రతం రోజులు గుర్తున్నాయా అని. "ఎందుకు లేవు? గాజులు మోగితే చాలు, గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చేదాన్ని" అంది. నేను రాసిన మూడు భాగాల్లో ఈ ఒక్క వాక్యం లేదు.

ఈ వేసవికి ఆయన చూపు బాగా మందగించింది. ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ఆయన మాట్లాడేది ఒక భాష, చెప్పి రాయించేది ఇంకో భాష. "నా తీరుగ మహారాణి మాట్లాడితే మస్తుంటది బిడ్డా, కానీ ఆఫీసోళ్ళు ఇంకా ఒప్పుకోలే" అనేవారు. ఒకరోజు ఒంట్లో బాగోలేదని, సీను నన్నే రాయమన్నారు. చెల్లెలు శాపం గురించి అక్కని నిలదీసే సీను. ఎంతో అందంగా రాశాననుకున్నాను. చదివిస్తే కళ్ళు మూసుకుని విన్నారు. "మస్తుంది. కానీ ఇందుల అక్క ఎవరు, చెల్లె ఎవరు?" అన్నారు. నాలుగుసార్లు తిరగరాశాను. నేను ఒకప్పుడు వెక్కిరించిన పేర్లన్నీ ఒక్కొక్కటే తెచ్చి పెట్టాను.

అది ప్రసారమైన రోజు గ్రూపులో సగంమంది పాత రచయిత తిరిగొచ్చాడన్నారు, సగంమంది నాలుగోవాడెవడో దిగాడన్నారు. ఇంట్లో మాత్రం బెండకాయ వేపుడు మాడింది. "విన్నంతసేపూ పొయ్యి సంగతే మర్చిపోయానే" అని అమ్మ గిన్నె తోముతూ విసుక్కుంది. మర్నాడు ఆ కబురు చెబితే సార్ నా తల మీద చెయ్యి పెట్టారు. అది నా సీనని అమ్మకి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

సార్ పోయిన రోజే బంధువులు ఆయన్ని సొంతూరికి తీసుకెళ్ళిపోయారు. మూడోరోజున, చివరగా ఆయన చెప్పి రాయించిన కాగితాలు ఇవ్వడానికి మొదటిసారి సెట్‌కి వెళ్ళాను. ఎపిసోడ్ ఆగదు కాబట్టి షూటింగ్ ఆగలేదు. డైరెక్టరుగారు అందరినీ ఒక నిమిషం నిలబడమన్నారు. మహారాణి, సేనాపతి కిరీటాలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. మాంత్రికుడి కొమ్ములు జిగురుతో అంటించినవి, ఊడి రావు. ఏం చెయ్యాలో తెలియక ఆయన రెండు చేతుల్తో ఆ కొమ్ముల్ని కప్పుకుని తల వంచి నిలబడ్డాడు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

నిమిషం అయిపోయాక డైరెక్టరుగారు కాగితాలు తిరగేశారు. సీను సగంలో ఉంది. మహారాణి నేలమాళిగలోకి దిగుతుంది, చివరి తలుపు గడియ తీస్తుంది. అక్కడ సార్, "ఇయ్యాలకు చాలు, మిగిలింది రేపు" అన్నారు.

మహారాణి వేషమేసినావిడ కిరీటం ఇంకా చేతిలోనే పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "తలుపవతల ఎవరున్నారమ్మా?" అని అడిగారు.

"తెలీదండీ. సార్ చెప్పలేదు" అన్నాను.

కాపలా భటులు, దాసీలు, కొమ్ములాయన, అందరూ నా వైపే చూస్తున్నారు.

గచ్చిబౌలి కంపెనీకి రానని నిన్న మెయిల్ పెట్టేశాను. సోమవారం ఏడింటికి పేపరు నేనే ఇస్తున్నాను.